అతుకుల్లో ఆమె పేరు: మీకు తెలుసా?

కాగితం ముక్కలో గుడ్డ ముక్కలో అతికించి బొమ్మ చేస్తే దాన్ని కొలాజ్ అంటారు. ఈ కళ 1912లో పారిస్‌లో పుట్టిందని ఆర్టు పుస్తకాలు చెబుతాయి. ఆ ఏడాది పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను బొమ్మలో అంటించి, ఫ్రేముకు బదులు చుట్టూ తాడు బిగించాడు. కొన్ని నెలలకే తోటి చిత్రకారుడు బ్రాక్ గోడలకు వేసే కాగితాన్ని తన బొమ్మలో అతికించాడు. ఇద్దరి పేర్లూ చరిత్రకెక్కాయి. అంతకు ఎంతో ముందు నుంచీ ఆడవాళ్ళు ఇళ్ళలో చేస్తూ వచ్చిన కత్తిరింపులూ అతికింపులూ మాత్రం ‘చేతిపని’ పద్దులోనే ఉండిపోయాయి. చేసిందెవరని అడిగినవాళ్ళు తక్కువ. ఈసారి మనం అడుగుదాం.

◆ పికాసో కంటే 140 ఏళ్ళ ముందే ఒక ముసలావిడ కొలాజ్ చేసింది

ఆమె పేరు మేరీ డిలేనీ. 1700లో ఇంగ్లండులో పుట్టింది. పదిహేడేళ్ళకే ఇంట్లోవాళ్ళు బలవంతం చేసి, దాదాపు అరవయ్యేళ్ళ పార్లమెంటు సభ్యుడికి కట్టబెట్టారు. ముసలి మొగుళ్ళ పెళ్ళిళ్ళు మన దేశానికొక్కదానికే సొంతం కాదన్నమాట. ఏడేళ్ళకు ఆయన పోయాడు. నలభై దాటాక తనకు నచ్చిన మనిషిని, ఐర్లండులో మతాధికారిగా ఉన్న డిలేనీని చేసుకుంది. 1768లో ఆయనా పోయాడు.

స్నేహితురాలైన పోర్ట్‌లాండ్ డచెస్ ఇంట్లో ఉంటుండగా 1772లో ఆమె కళ్ళకు ఒక జెరేనియం పువ్వూ, అదే రంగు కాగితమూ పక్కపక్కన కనబడ్డాయి. కత్తెర తీసి రేకులు కత్తిరించింది. గదిలోకి వచ్చిన డచెస్, నిజం పువ్వునే ముక్కలు చేస్తోందనుకుందట. అప్పటికి మేరీకి 72 ఏళ్ళు.

చూపు మందగించేదాకా, పదేళ్ళపాటు, ఆపలేదు. మొత్తం 985 పువ్వులు. నల్లరంగు పూసిన కాగితం మీద వందలాది సన్న ముక్కలు ఒకదానిమీదొకటి అతికించేది. ఒక్క పాషన్ ఫ్లవర్‌కే రెండు వందలకు పైగా రేకులు కత్తిరించింది. రంగులద్దేవాళ్ళ దగ్గర రంగు కారిపోయి పాడైన కాగితాలనూ, చైనా నుంచి ఓడల్లో వచ్చిన కాగితాలనూ ఏరి తెచ్చుకునేది. కొన్నిచోట్ల నిజమైన ఆకునే అంటించింది. మొక్క శాస్త్రరీత్యా ఎంత కచ్చితంగా ఉండేదంటే, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఆ కాగితం పువ్వును చూసి మొక్కను వర్ణించడానికి జంకనవసరం లేదనేవాడు. ఆ పువ్వులున్న పది సంపుటాలూ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. బొమ్మ అడుగున కాగితం కత్తిరించి అంటించిన రెండు అక్షరాలు కనిపిస్తాయి: ఎమ్, డి. రెండు పెళ్ళిళ్ళతో రెండుసార్లు ఇంటిపేరు మారిన మనిషి ఆ పువ్వుల కింద చేసుకున్న సంతకం అది.

◆ ఫొటోలో మొగుణ్ణి చిన్నవాణ్ణి చేసిన దొరసాని

1860ల్లో ఇంగ్లండులో విజిటింగ్ కార్డు సైజు ఫొటోల పిచ్చి పట్టింది. పెద్దింటి ఆడవాళ్ళు బంధువుల ఫొటోలు, రాజకుటుంబం ఫొటోలు సేకరించి, తలలు కత్తిరించి, తాము వేసిన నీటిరంగుల బొమ్మల్లో అతికించేవారు. కేట్ గాఫ్ అనే ఆవిడ ఆల్బంలో చెరువులో ఈదే బాతులకు ఆడవాళ్ళ తలలున్నాయి.

ఇలాంటి ఆల్బం బొమ్మల్లో నాకు బాగా నచ్చింది లేడీ ఫిల్మర్ చేసిన డ్రాయింగ్ రూమ్ బొమ్మ. అందులో ఆమె బల్ల దగ్గర జిగురు పక్కన పెట్టుకుని, ఆల్బం ముందు నిలబడి ఉంటుంది. బల్లకు ఆనుకుని దర్జాగా ఉన్నది వేల్స్ యువరాజు. మరి భర్తో? పక్కగా, చిన్న సైజులో, కుక్క దగ్గర కూర్చుని ఉంటాడు. మాటల్లో అంటే ఇంట్లో గొడవయ్యేదే. కత్తెరతో అనేసింది. ఈ ఆల్బంలను ఒకచోట చేర్చి షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ప్రదర్శన పెట్టింది 2009లో! అంతవరకూ అవి దొరసానుల కాలక్షేపం కిందే జమ.

◆ అయిదు డాలర్లకు అమ్మిన బొంత ఇప్పుడు అమెరికా జాతీయ మ్యూజియంలో ఉంది

హ్యారియెట్ పవర్స్ 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టింది. బానిసత్వం పోయాక భర్తతో కలిసి కొద్దిపాటి పొలం చేసుకుంటూ బొంతలు కుట్టింది. మనిషినీ జంతువునూ చుక్కనూ వేర్వేరు గుడ్డల్లో కత్తిరించి, అడుగుబట్ట మీద పరిచి కుట్టే అప్లిక్ పద్ధతి ఆమెది. పశ్చిమాఫ్రికాలో దహోమే రాజ్యపు ఫాన్ జాతి జెండాల మీద ఉండే అతుకుపనికీ ఆమె బొమ్మలకూ దగ్గరి పోలిక ఉందని పరిశోధకులు చెబుతారు.

బైబిలు కథలు కుట్టిన బొంతను 1886లో జార్జియాలోని ఏథెన్స్ ఊరి పత్తి సంతలో పెడితే, జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచరు చూసి కొంటానంది. పవర్స్ ఇవ్వనంది. అయిదేళ్ళకు ఇంట్లో డబ్బుకు కటకటైంది. తనే వచ్చి పది డాలర్లు అడిగితే ఆవిడ అయిదిచ్చింది. ఇచ్చేముందు పవర్స్ ఒక్కో గడిలో ఉన్న కథ ఏమిటో చెప్పి రాయించింది. ఆ తర్వాత కూడా ఆ బొంతను చూసుకోవడానికి పలుమార్లు వెళ్ళింది.

రెండో బొంత ఇంకా విచిత్రం. అది బోస్టన్ మ్యూజియంలో ఉంది. పదిహేను గళ్ళు. బైబిలు కథల మధ్య 1833 నవంబరులో కురిసిన ఉల్కల వాన ఉంది. అది ఆమె పుట్టకముందు జరిగింది, పెద్దలు చెప్పగా విన్నది. పట్టపగలు చీకటి కమ్మిన 1780 నాటి రోజు ఉంది. జార్జియా నుంచి వర్జీనియా దాకా 500 మైళ్ళు పరుగెత్తిన బెట్స్ అనే పంది కూడా ఉంది! ఆ పంది ఎవరికీ లొంగని స్వతంత్రురాలని ఆమె చెప్పి రాయించింది. బానిసగా పుట్టిన మనిషి యజమాని చేతి నుంచి పారిపోయిన పందిని దేవుడి కథల పక్కన ఎందుకు కుట్టిందో నేను వివరించనక్కర్లేదు.

పవర్స్‌కు చదువు రాదనే చాలాకాలం రాశారు. ఆమె తన బొంతల గురించి 1896లో రాసిన ఉత్తరం నకలు 2009లో బయటపడింది. ఆమెకు చదవడం, రాయడం వచ్చు.

◆ ఖైదీల ఓడలో 2,815 ముక్కలు

1841లో ఇంగ్లండు నుంచి టాస్మేనియాకు ‘రాజా’ అనే ఓడలో 180 మంది ఆడ ఖైదీలను పంపారు. జైళ్ళ సంస్కర్త ఎలిజబెత్ ఫ్రై నడిపిన మహిళా సంఘం ఓడెక్కే ఖైదీలకు సూదులు, దారం, గుడ్డ ముక్కలు ఇచ్చేది. మూడు నెలల ప్రయాణంలో వాళ్ళు 2,815 ముక్కలు కలిపి పెద్ద బొంత కుట్టారు. సూదులు గుచ్చుకున్న వేళ్ళ నెత్తుటి మరకలు ఇప్పటికీ దానిమీద ఉన్నాయి. ఓడ పేరు బొంత మీద ఉంది, సాయం చేసిన దొరసానులకు కృతజ్ఞతలున్నాయి, కుట్టినవాళ్ళ పేర్లు లేవు. చాలాకాలం కనబడకుండా పోయి 1987లో స్కాట్లండులో దొరికింది. ఇప్పుడు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉంది. గుడ్డ మరీ నాజూకైపోవడంతో ఎప్పుడో గాని బయట పెట్టరు.

◆ పసిబిడ్డ దుప్పటి నుంచి నైరూప్య చిత్రకళ

ఉక్రెయిన్‌లో పుట్టిన సోనియా డెలోనే 1911లో పారిస్‌లో తన కొడుకు కోసం, పుట్టిన ఊళ్ళలో రైతు ఆడవాళ్ళు కుట్టే తీరులో, గుడ్డ ముక్కలతో దుప్పటి కుట్టింది. రంగుల ముక్కలు పక్కపక్కన పడేసరికి పికాసో, బ్రాక్ లాంటి క్యూబిస్టుల బొమ్మలా కనబడింది. ఆ దారినే భర్త రాబర్ట్‌తో కలిసి కొత్త చిత్రరీతి నడిపింది. పికాసో ఆయిల్‌క్లాత్ అంటించింది ఆ మరుసటి ఏడాది. 1964లో లూవ్ర్ మ్యూజియం ఆమె ప్రదర్శన పెట్టింది. బతికుండగా ఆ గౌరవం దక్కిన తొలి మహిళ ఆమే. దుప్పటి ఇప్పుడు పాంపిడూ కేంద్రం సొత్తు.

◆ వంటింటి కత్తితో ప్రభుత్వాన్ని కోసిన కుట్టుడిజైనర్

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బెర్లిన్‌లో దాదా ఉద్యమం ఉధృతంగా సాగింది. పాత కళనంతా తగలేస్తామన్న కుర్రాళ్ళ గుంపు అది. అందులో ఒకే ఒక్క ప్రముఖ మహిళ హన్నా హోఖ్. ఆమె 1916 నుంచి 1926 దాకా ఉల్‌స్టైన్ ప్రచురణ సంస్థలో ఉద్యోగం చేసింది. ఆడవాళ్ళ పత్రికలకు ఎంబ్రాయిడరీ, అల్లికల డిజైన్లు గీయడం పని. ఆఫీసులో కావలసినన్ని ఫొటోల పత్రికలు. వాటిని కత్తిరించి ఫొటోమాంటేజ్‌లు చేసింది.

1919లో చేసిన పెద్ద బొమ్మకు ఆమె పెట్టిన పేరు ఇంకా పెద్దది. యుద్ధం తర్వాతి వైమార్ జర్మనీ బీరుబొజ్జ నాగరికతను వంటింటి కత్తితో కోస్తున్నానన్నది దాని సారాంశం. సేనానుల తలలు, యంత్రాల పళ్ళచక్రాలు, నాట్యకత్తెల ఒళ్ళు, ఐన్‌స్టైన్ ముఖం, అన్నీ అందులో గిరగిరా తిరుగుతాయి. కుడివైపు అడుగు మూలన చిన్న మ్యాపు ఉంటుంది. ఐరోపాలో ఆడవాళ్ళకు ఓటుహక్కు వచ్చిన దేశాలు అందులో చూపింది. ఆ మ్యాపు అంచునే తన తల కత్తిరించి అంటించుకుంది. జర్మనీలో ఆడవాళ్ళు జాతీయ ఎన్నికల్లో తొలిసారి ఓటేసింది ఆ ఏడాది జనవరిలోనే.

1920 దాదా ప్రదర్శనలో ఆమె బొమ్మలు పెట్టడానికి ఆ గుంపులోని చిత్రకారులు గ్రోస్, హార్ట్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. అప్పుడు ఆమెతో ఉన్న హౌస్‌మన్ పట్టుబట్టాక గాని చోటు దొరకలేదు. ఆ గుంపులోని హాన్స్ రిక్టర్ తర్వాతెప్పుడో జ్ఞాపకాలు రాసుకుంటూ, ఆమె శాండ్‌విచ్‌లూ బీరూ కాఫీ ఎలాగో సమకూర్చేదని మెచ్చుకున్నాడు. విప్లవకారుల ఇళ్ళలోనూ కాఫీ పెట్టేది ఎవరన్న విషయంలో మార్పేమీ లేదు. నాజీలొచ్చాక చాలామంది దేశం విడిచిపోయారు. హోఖ్ బెర్లిన్ శివార్లలో చిన్న ఇల్లు కొనుక్కుని, నిషేధంలో పడ్డ దాదా బొమ్మల్ని దాచిపెట్టింది. బెర్లిన్ దాదా గురించి ఇవాళ మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆమె దాచినందువల్లే దక్కింది.

◆ పద్నాలుగు గుర్తుల్లో ఏడు కలిస్తే చాలు

అమెరికాలో మిరియం షాపిరో, మెలిస్సా మేయర్ 1970ల చివర ఒక వ్యాసం రాశారు. ఆడవాళ్ళు దాచి, ఏరి, కూర్చి చేసే కళకు ‘ఫెమాజ్’ అని పేరుపెట్టి 14 లక్షణాలు చెప్పారు: చేసింది ఆడమనిషి కావాలి, మిగులు ముక్కలు వాడాలి, దాచుకోవడం అందులో భాగం కావాలి, డైరీలా ఉండాలి, ఇంట్లోదో బయటిదో ఒక సందర్భాన్ని గుర్తుచేయాలి, వాడకానికీ పనికి రావాలి, ఇలా. వీటిలో సగం కలిస్తే చాలన్నారు. ఈ లెక్కన మన ఇళ్ళలోని సారె పెట్టెలూ ఫొటో ఆల్బంలూ చాలావరకు పాసైపోతాయి. షాపిరో చేతిరుమాళ్ళు, ఏప్రన్లు, లేసు ముక్కల్ని కాన్వాసు మీద పెయింటుతో కలిపి గోడంత బొమ్మలు చేసింది.

◆ జాకెట్టు కోసం తిరుగుబాటు

పనామాలోని గునా జాతి ఆడవాళ్ళు రవికె ముందూ వెనకా వేసుకునే బొమ్మగుడ్డ ‘మోలా’. రెండు మూడు రంగుల గుడ్డల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైవాటిని కోసి మడిచి, అడుగు రంగు బయటపడేలా కుడతారు. ఒకప్పుడు ఒంటిమీద వేసుకున్న రంగుబొమ్మలే గుడ్డమీదికి వచ్చాయి. ఆడవాళ్ళు మోలాలు, ముక్కుపుడకలు మానేసి ‘నాగరికం’గా ఉండాలని ప్రభుత్వం ఒత్తిడి చేసింది. ఇలాంటి బలవంతాలన్నీ పోగై 1925 ఫిబ్రవరిలో గునాలు తిరగబడ్డారు, గెలిచారు. మోలా ఉండిపోయింది.

◆ సంతకం పెట్టని బొమ్మలు

పేరు రాయకపోవడమే రక్షణ అయిన చోటు చిలీ. 1973 సెప్టెంబరు 11న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. సైన్యాధిపతి పినోచె పాలనలో వేలమందిని పట్టుకుపోయారు, చాలామంది తిరిగి రాలేదు. కొడుకుల కోసం, భర్తల కోసం జైళ్ళూ ఆసుపత్రులూ శవాల గదులూ తిరుగుతున్న ఆడవాళ్ళు సాంటియాగోలో చర్చి సాయంతో 1974 నుంచి గుంపులుగా కూర్చుని కుట్టడం మొదలుపెట్టారు. గోనెపట్టా మీద పాత బట్టల ముక్కలతో బొమ్మలు. వాటిని ‘ఆర్పియేరా’లంటారు. కొందరు, తిరిగిరానివాళ్ళ చొక్కాల ముక్కలే వాడారు.

దూరం నుంచి చూస్తే పిల్లల బొమ్మలా ఉంటాయి. వెనక ఆండీస్ కొండలు, పైన సూర్యుడు, రంగురంగుల ఇళ్ళు, చుట్టూ ఊలు అంచు. దగ్గరికెళితే నీళ్ళు కట్ చేసిన కుళాయి, అందరికీ ఒకే గిన్నెలో వండే సామూహిక వంటశాల, జీపులోకి లాక్కెళుతున్న మనిషి, మా వాళ్ళెక్కడని రాసిన అట్ట పట్టుకున్న ఆడవాళ్ళు. జంటగా ఆడాల్సిన క్వేకా నాట్యాన్ని భర్త ఫొటో గుండెకు పెట్టుకుని ఒంటరిగా ఆడుతున్న స్త్రీ కూడా ఉంటుంది. 1978 నుంచి ఆ ఆడవాళ్ళు నిజంగానే అలా ఆడారు. బొమ్మ వెనక చిన్న జేబు కుట్టి అందులో కథ రాసిన చీటీ పెట్టేవారు. ఆడవాళ్ళ కుట్టుపనే కదా అని సైన్యం మొదట్లో తేలిగ్గా తీసుకుంది. చర్చి సంస్థ వాటిని కొని విదేశాలకు పంపింది. పత్రికలు నోరు విప్పలేని కాలంలో చిలీ సంగతులు చాలా ఊళ్ళకు చేరింది ఈ గుడ్డల మీదే. ఆ కూలితో ఇంట్లో పొయ్యి కూడా వెలిగింది. ఈ జాబితా మొత్తంలో ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

◆ ప్రచురణకర్తలు వద్దంటే బొంత మీద అచ్చేసింది

న్యూయార్క్ హార్లెంకు చెందిన ఫెయిత్ రింగ్‌గోల్డ్ ఆత్మకథ రాస్తే అచ్చువేసేవాళ్ళు దొరకలేదు. నల్లజాతి స్త్రీ కథ ఎలా ఉండాలో వాళ్ళకు ముందే ఒక లెక్క ఉంది. ఆమె తల్లి దుస్తుల డిజైనర్. 1980లో తల్లీకూతుళ్ళు కలిసి మొదటి బొంత చేశారు. మరుసటేడు తల్లి పోయింది. 1983 నుంచి రింగ్‌గోల్డ్ బొంతల మీద బొమ్మల పక్కనే కథ రాయసాగింది. బొంతను ప్రదర్శనకు పెడితే కథ కూడా గోడెక్కినట్టే, కేటలాగులో అచ్చైనట్టే. పైగా ఫ్రేములూ పెట్టెలూ అక్కర్లేదు, చుట్ట చుట్టి చంకన పెట్టుకు పోవచ్చు. ఆ తెలివి ఆమెకు 1972లో ఆంస్టర్‌డాంలో గుడ్డమీద వేసిన టిబెటన్ చిత్రాలు, తంకాలు చూశాక వచ్చింది. డాబా మీద పడుకుని ఆకాశంలో ఎగిరే పిల్ల కథగా ఆమె చేసిన ‘టార్ బీచ్’ బొంత 1991లో పిల్లల పుస్తకమై ఇంటింటికీ చేరింది. ఆత్మకథ కూడా 1995లో వచ్చింది. ఆమె 2024లో 93 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

◆ పెళ్ళిసారె తుండుగుడ్డలతో పుస్తకం

పెద్ద పెద్ద సాలీడు శిల్పాలు చేసిన లూయీజ్ బూర్జువా తల్లిదండ్రులు ఫ్రాన్సులో పాత గోడతెరలు బాగుచేసేవారు. అడుగు అంచులే ముందు చిరుగుతాయి కాబట్టి బొమ్మల్లో మనుషుల పాదాలు పోయేవి. వాటిని గీసి పెట్టడం చిన్నప్పటి లూయీజ్ పని. 1938లో పెళ్ళి చేసుకుని న్యూయార్క్ వెళ్ళింది. తొంభై దాటాక, తన పెళ్ళిసారెలో తెచ్చుకున్న, పొడి అక్షరాలు కుట్టిన తుండుగుడ్డల్ని పేజీలుగా చేసి, తాను ఏళ్ళ తరబడి కట్టుకున్న బట్టల ముక్కల్ని వాటిమీద కుట్టి గుడ్డపుస్తకం చేసింది. పేజీలు గుండీలతో బిగించి ఉంటాయి, కావాలంటే విప్పుకోవచ్చు. దానికి ఆమె పెట్టిన పేరుకు అర్థం ‘మరుపుకు పాట’. బట్టలు మాత్రం ఏళ్ళ తరబడి దాచుకుంది!

● బ్రిటిష్ కళాకారిణి ట్రేసీ ఎమిన్ 1995లో ఒక గుడారం లోపల, తాను ఎవరెవరి పక్కన పడుకుని నిద్రపోయిందో ఆ 102 పేర్లు గుడ్డ అక్షరాలు కత్తిరించి కుట్టింది. గుడారానికి పెట్టిన పేరు చూసి జనం మరోలా అనుకున్నారు. అందులో అమ్మమ్మా, తన కవల సోదరుడూ, పుట్టని బిడ్డలూ ఉన్నారు. 2004లో గోడౌను తగలబడి అది బూడిదైంది.

● మలావీలో పుట్టిన బిల్లీ జాంగేవా పట్టుగుడ్డల ముక్కలు చేత్తో కుట్టి బొమ్మలు చేస్తుంది. వాటిలో పోరాటాలుండవు. పిల్లాడికి స్నానం, మంచం మీద నిద్ర, వంటిల్లు ఉంటాయి. ఇంటిపని బొమ్మకు పనికొస్తుందా అని ఇంకా అడిగేవాళ్ళకు అదే జవాబు.

● కెన్యాకు చెందిన వంగేచి ముటు గర్భాశయ వ్యాధుల పాత వైద్యచిత్రాల మీద ఫ్యాషన్ పత్రికల కళ్ళూ పెదవులూ అతికించి ముఖాలు చేసింది. నైజీరియా చిత్రకారిణి న్జిడెకా అకున్యిలి క్రాస్బీ తన బొమ్మల్లో వాడే గుడ్డల్లో తల్లి ముఖం అచ్చైన గుడ్డ కూడా ఉంది. ఆ తల్లి డోరా అకున్యిలి నకిలీ మందుల ముఠాలతో తలపడి దేశమంతా పేరు తెచ్చుకున్న అధికారి.

◆ కుట్టవద్దంటే అతికించారు

ఇక మన దేశానికి వద్దాం. గుజరాత్‌లోని కచ్‌లో రబారీ తెగ ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళాలంటే తన కుట్టుపనితో నింపిన బట్టలు పట్టుకెళ్ళాలి. అవి పూర్తయ్యేదాకా కాపురానికి పంపరు, ఏళ్ళు గడిచిపోయేవి. 1990ల మధ్యలో ఢేబరియా శాఖ రబారీ పెద్దలు తీర్పు చెప్పారు: ఇకమీదట ఒంటిబట్టల మీద ఎంబ్రాయిడరీ నిషేధం. ఆడవాళ్ళు ఎదురు తిరగలేదు. బజారులో దొరికే జరీ అంచులు, రిబ్బన్లు, లేసులు కొని తెచ్చి వరసలుగా అతికి కుట్టడం మొదలుపెట్టారు. అది ఎంబ్రాయిడరీ కాదు కదా! ఆ పనికి ‘హరి జరి’ అని పేరు. పాబీబెన్ రబారీ దాన్ని సంచుల మీదికి తెచ్చి, తన పేరునే బ్రాండుగా పెట్టి ఊరి ఆడవాళ్ళకు పని కల్పించింది.

బిహార్‌లో పాత చీరల పొరలతో కుట్టే సుజనీ బొంత పుట్టిన బిడ్డ కోసం. చింపిరిగుడ్డల తల్లి, చితిరియా మా అనే దేవతను తలుచుకుంటారు. ముజఫర్‌పూర్ జిల్లా భుసురా ఆడవాళ్ళు 1980ల చివరి నుంచి దాని మీద కట్నం, ఆడశిశువుల హత్య, తాగుబోతు మొగుడు, పంచాయతీ ఎన్నిక, అన్నీ కుడుతున్నారు.

ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్ళ బొంత ‘కవంది’. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. (హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేట పేరు కూడా నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం మీదే వచ్చింది.) పాత చీర పరిచి ఒక మూలన మొదలుపెట్టి, అంచులమ్మట ముక్కలు కుట్టుకుంటూ నడిమికి చేరతారు. ముందుగా గీసుకున్న నమూనా ఏదీ ఉండదు. నాలుగు మూలలా గుడ్డ మడిచి ‘పువ్వులు’ పెట్టాలి. అవి లేకపోతే బొంత ఒంటిమీద బట్ట లేనట్టేనట.

◆ మన ఊళ్ళ సంగతి

తెలంగాణ తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ పాత ఫేటియా (లంగా), కాంచళి (రవికె) ఎప్పుడైనా తిరగేసి చూశారా? అద్దాలు, గవ్వలు, పాత నాణేలు, రంగుగుడ్డల అతుకులు, వాటిని పట్టి ఉంచే దట్టమైన కుట్లు. కట్టుకున్న మనిషి ఎవరో ఆమడ దూరం నుంచి చెప్పే బట్ట అది. ఇప్పుడు రోజూ కట్టుకునేవాళ్ళు తగ్గారు. పండగలకూ పెళ్ళిళ్ళకూ, వేదికల మీద డ్యాన్సులకూ తీస్తున్నారు.

నరసాపురం లేసు సంగతి కొలాజ్ కాదు గాని, చెప్పకుండా ఉండలేను. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ గోదావరి ఒడ్డున ఆ లేసు అల్లే ఆడవాళ్ళ గురించి 1982లో పుస్తకం వేసింది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు రోజూ గంటల తరబడి అల్లుతున్నా వాళ్ళను కార్మికులుగా ఎవరూ లెక్కేయడం లేదని, ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆడవాళ్ళ కాలక్షేపంగానే చూస్తున్నారని రుజువులతో చూపింది. ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో వచ్చింది. ఊరి పేరుకు గుర్తింపు వచ్చినంత తొందరగా చేతుల పేర్లకు రాదు.

హైదరాబాదులో పుట్టి వడోదరలో స్థిరపడ్డ లావణ్య మణి కలంకారీ రంగులనూ అప్లిక్ ముక్కలనూ కుట్టునూ కలిపి పెద్ద పెద్ద గుడ్డ చిత్రాలు చేస్తోంది. బందరు, కాళహస్తి బట్ట ఓడలెక్కి దేశాలు తిరిగిన వ్యాపార చరిత్రే ఆమె బొమ్మల్లో కథావస్తువు.

మరి మన ఇళ్ళలో? షోకేసులో గాజుముక్కలతో అంటించిన నెమలి, చాక్లెట్ కాగితాల బొమ్మ, గుండీలు కుట్టిన వినాయకుడు, ఫ్రేము కట్టించిన ‘వెల్‌కమ్’. పెళ్ళికి ముందు అమ్మో పిన్నో చేసినవి. ఒక్కదాని మీదా సంతకం ఉండదు. బొంతలూ అంతే. నాలుగు పాత నూలు చీరలు, లోపల చిరిగిన పంచెలు, దబ్బనంతో వరసగా టాకాలు. ఇది పెద్దక్క పెళ్ళిచీర, ఇది తాతయ్య పంచె అని కుట్టినావిడ ఉన్నంతకాలం చెబుతుంది. ఆవిడ పోయాక అది పాతగుడ్డే. స్టీలు సామాన్ల బండి వస్తే ఒక బేసినకు వెళ్ళిపోతుంది.

మీ ఇంట్లో అలాంటి బొంత ఇంకా ఉంటే ఈ వారమే ఒక పని చేయండి. అరచేయంత తెల్లగుడ్డ మీద చెరగని ఇంకుతో కుట్టినావిడ పేరు, ఊరు, సుమారుగా ఏ సంవత్సరమో, ఏ చీర ఎవరిదో రాసి వెనకవైపు మూలన కుట్టేయండి. బొంతను ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు బట్టకు నేరుగా తగలకూడదు. ఏడాదికి రెండుసార్లు తీసి నీడలో ఆరేసి, ఈసారి వేరే మడతలో మడవండి. పాత మడత దగ్గరే గుడ్డ ముందు చిరుగుతుంది.